నష్టం ఎవరి పేరున రాస్తారు? ఉప్పాడ నుంచి సింగ్ నగర్ దాకా

శనివారం, ఉప్పాడ

గౌతమి ఎక్స్‌ప్రెస్ గంట లేటుగా కాకినాడలో దింపింది. స్టేషన్ ఎదురుగా పెసరట్టు తినేసి ఉప్పాడ వెళ్ళే ఆటో ఎక్కా, డ్రైవర్ పక్కన సగం సీటు మీద, సగం గాల్లో. బీచ్ రోడ్డు అని పేరే గానీ వాకలపూడి దాటి కాస్త ముందుకెళ్ళాక అది రోడ్డా రాళ్ళ గుట్టా అని డౌట్ వస్తుంది, 2025 అక్టోబర్‌లో మొంథా తుఫానుకి దెబ్బతిన్న చోటల్లా మట్టి పోసి, సముద్రం వైపు బండరాళ్ళు పడేసి మళ్ళీ బండ్లు నడిపిస్తున్నారు. ఎన్నిసార్లు వేశారన్నా ఈ రోడ్డు అంటే డ్రైవర్ నవ్వి, "తుఫానుకోసారండి, వేసినోళ్ళకి పని, పోయినప్పుడల్లా మాకు పిఠాపురం మీంచి చుట్టు తిరుగుడు" అన్నాడు.

నా ఉద్యోగం ఇన్సూరెన్స్ సర్వేయర్. అంటే అగ్నిప్రమాదమో వరదో వచ్చి వెళ్ళిపోయాక వెళ్ళి, ఏం పోయింది, ఎంత పోయింది, పాతబడినందుకు ఎంత తీసేయాలి, మిగిలిన చెత్త అమ్మితే ఎంత వస్తుంది అని లెక్క కట్టి రిపోర్టు రాసేవాణ్ణి. నేను పని మీద వెళ్ళే ప్రతి చోటా పాలసీ ఉంటుంది, పాలసీ ఉందంటే ఒక గోడౌనో, షోరూమో, కారో ఉంటుంది. పక్కనే పాలసీ లేని ఇల్లు కూలిపోయి ఉంటుంది, దాన్ని కళ్ళతో చూస్తా గానీ కాగితం మీదకి రాదు. మొంథా అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది, నవంబర్ అంతా ఆ క్లెయిములతోనే సరిపోయింది, డిసెంబర్‌లో సెలవు పెట్టి కాగితం మీదకి రాని చోట్లు చూద్దామని బయల్దేరా. ఇంట్లో వాళ్ళు దీన్ని సెలవు అనరా నాయనా అన్నారు.

ఉప్పాడలో మొదట చూసిన ఇల్లు సగమే ఉంది. వంటగది ఉంది, ముందు గది లేదు, మధ్య గోడ సముద్రానికి ఎదురుగా నిలబడి ఉంది. ఆ గోడలో అలమర, అలమర లోపల ఆకుపచ్చ పెయింటు, పై అరలో దేవుడి పటాలు పెట్టిన చోట పసుపు బొట్లు, కింద అరలో ఎవరో పిల్లాడు పెన్సిలుతో రాసిన రెండో ఎక్కం, రెండేళ్ళు పద్నాలుగు దాకా వచ్చి ఆగింది. ఆ ఇంటావిడ పక్కనే తాటాకు నీడలో చేపలు ఆరబెడుతోంది. "మా అత్తగారు కాపరానికొచ్చినప్పుడు ఇక్కణ్ణుంచి సముద్రానికెళ్ళాలంటే రెండు వీధులు దాటాలండి బాబూ, ఇప్పుడు ఆ వీధులు అదిగో ఆ నురగ కింద ఉన్నాయి" అని చేత్తో చూపించింది. పట్టా ఉందా అమ్మా అని అలవాటుగా అడిగేశా. "పట్టా ఉందండి, స్థలం ఏదీ చూపించడానికి" అంది.

మా భాషలో ఇది పెద్ద తలనొప్పి. ఇళ్ళకీ ఫ్యాక్టరీలకీ ఏళ్ళ తరబడి అమ్మిన మామూలు ఫైర్ పాలసీలో తుఫాను ఉంది, వరద ఉంది, నేల కుంగడం కూడా ఉంది, కానీ దాని కిందే చిన్న అక్షరాల్లో తీరం కోత, నది కోత వర్తించవు అని రాసి ఉంటుంది. ఎందుకంటే కోత అనేది ప్రమాదం కాదట, రోజూ జరిగేదట. రోజూ జరిగేదాన్ని ఇన్సూరెన్స్ ముట్టుకోదు. అంటే ఆవిడ దగ్గర ప్రీమియం కట్టే డబ్బున్నా ఆ ముందు గదికి పైసా వచ్చేది కాదన్నమాట.

ఉప్పాడకే ఎందుకీ గతి అంటే, గోదావరి తెచ్చిన ఇసుకని అలలు ఉత్తరం వైపు తోసుకుంటూ పోయి కాకినాడ ముందు పదహారు కిలోమీటర్ల పొడుగు ఇసుక దిబ్బ పెట్టాయి, అదే హోప్ ఐలాండ్. కాకినాడ పోర్టుకి అది పెట్టని కోట. ఆ కోట నీడ అయిపోయే చోట ఉప్పాడ ఉంటుంది, అలల దెబ్బంతా దాని మీదే, దిబ్బ దగ్గర ఆగిపోయిన ఇసుక ఇటు రాదు, దానికి తోడు పోర్టుల తవ్వకాలు, గోడలు. మధ్యలో జియోట్యూబ్ అని ఇసుక నింపిన పెద్ద పెద్ద సంచులు వేశారు, కొన్నేళ్ళకి చిరిగిపోయాయి. 2024లో డిప్యూటీ సీఎం పవన్ కల్యాణ్ వచ్చి చూసి వెళ్ళారు, నియోజకవర్గం కూడా ఆయనదే, గోడ కడతారని ఊరు ఎదురు చూస్తోంది.

ఊళ్ళో ఒకటి గమనించా. చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్ళు పిఠాపురంలోనో కాకినాడలోనో అద్దెకి దిగి, పొద్దున బండి మీద వచ్చి పని చూసుకుని వెళ్ళిపోతున్నారు. లేనివాళ్ళు ఉన్నచోటే రెండడుగులు వెనక్కి జరుగుతున్నారు. బోటు, వల, ఇంజిను ఒడ్డునే ఉంటాయి కదా, రాత్రి కాపలా లేకపోతే అవీ ఉండవు. సాయంత్రం కొత్తపల్లి వైపు ఒక జాందానీ నేత ఇంటికెళ్తే అక్కడ ఇంకో రకం లెక్క. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తారు, వాన గట్టిగా పడితే ఆ గుంటలోకే నీళ్ళు ఊరతాయి, పడుగు తడిస్తే చీర పాడు. పట్టు, జరీ అంతా షావుకారుది, గుంటా ఇల్లూ నేతగాడివి. పాడైన పట్టు ఖరీదు ఇతని కూలీలో కోస్తారు. అంటే సరుకు ఒకరిది, తడిసే రిస్కు ఇంకొకరిది. మా ఆఫీసులో ఇలాంటి ఏర్పాటు చూపిస్తే ఎవరు రాశారయ్యా ఈ కాంట్రాక్టు అని నవ్వుతారు.

ఆదివారం, యానాం మీదుగా అమలాపురం

పొద్దున కోరింగ మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడిచా. ఆదివారం కాబట్టి ఫ్యామిలీలు, సెల్ఫీలు, బోటు క్యూ. అల దెబ్బని ఆ వేళ్ళు ఎలా ఆపుతాయో బోర్డు మీద రాశారు, బోర్డు ముందు నిలబడి ఫొటో దిగుతున్నారు గానీ చదివేవాడు లేడు. పోనీ.

యానాం వంతెన దాటి అమలాపురంలో బావ గారింటికి చేరేసరికి భోజనం టైమ్. మాటలు 1996 మీదకి వెళ్ళాయి, కోనసీమలో యాభై దాటిన ఎవర్ని కదిపినా నవంబర్ 6 దగ్గరికి వచ్చేస్తారు. వెయ్యి మందికి పైగా పోయారు ఆ తుఫానులో, వేటకెళ్ళి తిరిగి రానివాళ్ళు చాలామంది. "ఆ రాత్రి మన వీధిలో డాబా ఇల్లు మనదొక్కటే, వీధి వీధంతా మనింట్లోనే, పెంకులు ఎగిరొచ్చి గోడలకి తగులుతుంటే టపాసుల్లా వినపడేవి" అన్నాడు బావ. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు అన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయట.

కొబ్బరి మొక్క వేస్తే కాపుకి ఆరేడేళ్ళు. ఆ ఆరేడేళ్ళు ఎలా గడిచాయి బావా అంటే, తాతగారి పొలం మీద లోను తెచ్చి బావని ఇంజినీరింగ్ చదివించారట, బావ తమ్ముడు అమెరికా వెళ్ళాడు. మరి మీ చెట్లెక్కి దింపు తీసే ఆయన? "వాళ్ళావిడ కువైట్ వెళ్ళింది, ఇంట్లో పనికి." ఒకే తుఫానుకి రెండు వీసాలు. ఒకాయన వీసా పొలం మీద వచ్చింది, ఇంకొకావిడ వీసా ఏజెంటుకిచ్చిన వడ్డీ డబ్బు మీద వచ్చింది.

సోమవారం, రాజోలు సైడు, అంతర్వేది

బావ బండి తీసుకుని శంకరగుప్తం డ్రెయిన్ గట్టు మీద వెళ్ళా. దూరం నుంచి కరెంటు స్తంభాలు అనుకున్నవి దగ్గరికెళ్తే కొబ్బరి మానులు, తల లేదు, మట్ట లేదు, ఉత్త మొండెం. ఆ తోటల్లో నడుస్తుంటే నీడ ఉండదు, కోనసీమలో నీడ లేని తోట చూడటం అదే మొదలు నాకు. డ్రెయిన్ పని పొలాల నీళ్ళు సముద్రంలోకి తీసుకెళ్ళడం. పూడిక పెరిగి, సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీళ్ళే ఎదురెక్కి తోటల్లో నిలుస్తున్నాయి. పైగా గోదావరి మీద డ్యాముల వెనక ఒండ్రు ఆగిపోతోంది, కొత్త మట్టి రాక డెల్టా దిగబడుతోంది, సముద్రమేమో పైకొస్తోంది. గ్యాసు తోడేయడం వల్లే భూమి కుంగుతోందని టీ కొట్టు దగ్గర గట్టిగా వాదించారు ఒకాయన, పక్కనున్నాయన అదంతా కాదు, డ్రెయిన్ తవ్వితే చాలన్నాడు. వాళ్ళని అక్కడే వదిలేసి వచ్చా, టీ మాత్రం బావుంది.

ఒక రైతుది మూడెకరాల తోట, సగం పోయింది. ఆయన బాధ పెద్దదే. అయినా ఆయన పేరు లిస్టులో ఉంది, ఆఫీసర్లు చెట్లు లెక్కపెట్టుకుని వెళ్ళారు, పరిహారం ఎప్పుడొస్తుందో తెలీదు గానీ లెక్క అయితే ఉంది. అదే తోటలో దింపు తీసే ఇద్దరు, కాయ ఒలిచే వాళ్ళు, పీచు తీసే ఆడవాళ్ళు, వీళ్ళెవరూ చెట్టుకి ఓనర్లు కాదు కాబట్టి చెట్టు చచ్చిపోతే వీళ్ళకి ఏం పోయినట్టు లిస్టు ఒప్పుకోదు. దింపు ఆయన్ని అడిగా. "చెట్టుకింత అని కూలండి. చెట్టుంటే కూలి. రైతుగారిది చెట్టు పోయిందండి, మాది రోజు పోయింది. పోయిన రోజుల్ని ఏ ఆఫీసరు లెక్కెడతాడండి?" ఈ ఏడాది కొబ్బరికి మంచి రేటు ఉంది, ఎక్కడానికి చెట్టే లేదు అని నవ్వాడు.

ఆ ఊళ్ళోనే గల్ఫ్ డబ్బుతో కట్టిన డాబాలు చూశా. టిప్పర్ల కొద్దీ మట్టి తోలించి స్థలం మెరక చేసి, దాని మీద నడుమెత్తు పునాది లేపి, అప్పుడు ఇల్లు. గేటు మీద స్టీలు నెమళ్ళు. ఆ ఇంటావిడ పదేళ్ళు కువైట్‌లో పరాయి పిల్లల్ని పెంచి కట్టించుకున్న ఎత్తు అది, ఎవరూ కాదనలేరు. కానీ నీరు పల్లమెరుగు అన్నారు కదా, మెరక మీద పడ్డ వాన పక్కింటి పాకలోకి దిగుతోంది. ఇదివరకు రెండిళ్ళ మధ్యా సమానంగా నిలిచే నీళ్ళు ఇప్పుడు ఒకింట్లోనే. పక్కింటాయన వాళ్ళమ్మాయిని కూడా పంపిద్దామని పాస్‌పోర్టుకి పెట్టాడట, వచ్చాక తనూ మెరక చేయిస్తాడు, అప్పుడు ఆ పక్కిల్లు. వీధి మొత్తం ఇలాగే ఒకరి తర్వాత ఒకరు లేస్తూ ఉంటే చివరికి మిగిలేది ఎవరికీ విదేశాలకి పోయే వయసు లేని ఇల్లు.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కా. పంటు మీద కార్లు, బైకులు, కొబ్బరి లోడు ఆటో, మేకలు. అవతలి ఒడ్డున నరసాపురం.

మంగళవారం, భీమవరం చుట్టుపక్కల

రొయ్యల చెరువుల మధ్య ఒక రోజు తిరిగితే చాలు, ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి మాత్రం ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కోవాలి. నాకు క్లెయిములో పరిచయమైన ఒకాయన ఉన్నారు, చెరువులు లీజుకి చేస్తారు. ఆగస్టులో అమెరికా టారిఫ్ యాభై శాతానికి వెళ్ళాక రొయ్యల రేట్లు పడిపోయి, ఆ దెబ్బ నుంచి లేస్తుండగానే మొంథా. కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగి ఒక చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలాయి. లక్షల్లో నష్టం, ఆయన చెప్పిన అంకె విని నేనే నోరు తెరిచా.

ఆ చెరువు గట్టు మీదే కాపలా కుర్రాడి పాక. భార్య, చిన్న పాప. తుఫాను రాత్రి ఊరంతా స్కూల్లోకి వెళ్ళింది, ఈ కుర్రాడు మాత్రం మోటార్లు ఎవరైనా పట్టుకుపోతారని గట్టు మీదే ఉండిపోయాడు, టార్పాలిన్ కప్పుకుని కరెంటు పెట్టె వెనకాల. పాక లేచిపోయింది. ఏం పోయాయి అంటే వేళ్ళ మీద చెప్పింది వాళ్ళావిడ: రైస్ కుక్కర్, రెండు దుప్పట్లు, పాప పుస్తకాల సంచి, బియ్యం, నాలుగు కోళ్ళు, ఆధార్ కార్డులున్న ప్లాస్టిక్ కవరు. మొత్తం కలిపి నా పద్ధతిలో లెక్కేస్తే, పాతబడినందుకు తీసేస్తే, ఐదు వేలు కూడా రాదు.

మా రిపోర్టు ఫార్మాట్‌లో పెడితే ఓనరు నష్టానికి పేజీలకి పేజీలు, ఈ పాకది అసలు కనపడదు. రూపాయల్లో కొలిస్తే ఎప్పుడూ డబ్బున్నవాడికే ఎక్కువ నష్టం, ఎందుకంటే పోవడానికి అతని దగ్గరే ఉంది. టీవీలో వందల కోట్ల నష్టం అని స్క్రోలింగ్ వెళ్తుందే, ఆ అంకెలో ఎక్కువ భాగం రోడ్లు, స్తంభాలు, చెరువులు, తోటలు, గోడౌన్లు. నేనైతే ఇంకో ప్రశ్న కూడా అడగాలంటాను, మళ్ళీ మొదలెట్టడానికి ఎన్నాళ్ళు పట్టింది, ఎవరి దగ్గర చెయ్యి చాపాడు? ఓనరుకి మేత డీలరు అప్పు మీద మళ్ళీ మేత ఇచ్చాడు, నెల తిరక్కుండా కొత్త పిల్ల వదిలాడు. కుర్రాడు ఓనరు దగ్గరే అడ్వాన్సు తీసుకుని పాక వేసుకున్నాడు, ఆ బాకీ తీరేదాకా వేరే పనికి పోలేడు. వచ్చే తుఫానుకి కూడా గట్టు మీద ఎవరుంటారో ఇప్పుడే తెలిసిపోయింది. ఓనరు చెడ్డవాడేం కాదు, అడగ్గానే ఇచ్చాడు, వడ్డీ కూడా వద్దన్నాడు. అయినా లెక్క అలాగే తేలింది.

భీమవరంలో రాత్రి రొయ్యల వేపుడు తిన్నా. తినకుండా ఎలా ఉంటాం.

బుధవారం, దివిసీమ

పులిగడ్డ దగ్గర వంతెన దాటుతుంటే రెండు పక్కలా ఇసుక, మధ్యలో సన్నగా కృష్ణ. అవనిగడ్డలో దిగి నాగాయలంక ఆటో పట్టుకున్నా. వరి కోతలు నడుస్తున్నాయి, రోడ్డు మార్జిన్ మీద ధాన్యం ఆరబోసి, పగలు కాళ్ళతో తిరగేసి, రాత్రి పట్టాలు కప్పుతున్నారు.

1977 నవంబర్ 19. ఇక్కడ పుట్టినవాళ్ళకి ఈ తేదీ చెప్పక్కర్లేదు. ఐదారు మీటర్ల ఎత్తు నీళ్ళు, ప్రభుత్వ లెక్కలోనే దాదాపు పదివేల మంది. సొర్లగొంది దగ్గర ఒక పెద్దాయనతో మాట్లాడా, అప్పటికి పదహారేళ్ళవాడట, తాటిచెట్టుకి లుంగీతో కట్టేసుకుని బతికాడు. తాతా, ఎవరెవరు బతికారు ఆ రాత్రి అంటే చాలాసేపు ఆలోచించి, "మేడలున్నోళ్ళు, గుడిలో తల దాచుకున్నోళ్ళు, చెట్టు దొరికినోళ్ళు. పాకల్లో ఉన్నోళ్ళు పాకలతోనే పోయారయ్యా" అన్నాడు. తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారట, రేడియో ఉన్న ఇల్లు కరణంగారిది ఒకటే, వాళ్ళు విని తలుపులేసుకున్నారు, ఇంత నీరొస్తుందని వాళ్ళకి మాత్రం ఏం తెలుసు.

1990 మేలో దాదాపు అంతే బలమైన తుఫాను ఇదే కృష్ణా తీరానికి వచ్చింది. ఈసారి ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే లేపి తీసుకెళ్ళారు, చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు. అదే గాలి, అదే ఊళ్ళు. మధ్యలో వచ్చినవి రాడార్లు, షెల్టర్లు, రోడ్లు, ఊళ్ళు ఖాళీ చేయించే అలవాటు. ఇప్పుడైతే ఫోన్లో మెసేజ్ ముందే మోగుతుంది, మొంథాకి క్యాంపులకి వెళ్ళిన కుటుంబాలకి మూడు వేల దాకా డబ్బు, బియ్యం కూడా ఇచ్చారు, అది మంచి పని, ఎందుకంటే ఒక పూట కూలి పోతుందని జనం కదలరు. 2022లో ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన నిపుణుల సంఘం, రిపోర్టులో చెప్పింది కూడా ఇదే, 2010 నుంచి 2020 దాకా వరదలు, కరువులు, తుఫాన్ల వల్ల బాగా బలహీనంగా ఉన్న ప్రాంతాల్లో చావులు గట్టి ప్రాంతాలకంటే పదిహేను రెట్లు ఎక్కువట. ప్రాణాల విషయంలో దివిసీమ ఆ మొదటి గుంపులోంచి బయటపడింది, ఒక్క తరంలో. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు చిరాకు.

ప్రాణం దక్కాక ఏంటి అనేదే ఇప్పటి గొడవ. రోడ్డు పక్క ధాన్యం తిరగేస్తున్న ఒకాయన నాలుగెకరాలు కౌలుకి చేస్తున్నాడు. మొంథాకి చేను నేలకి ఒరిగి, నీళ్ళలో నాని, కంకుల్లోనే మొలకలొచ్చాయి. చేతిలోకి తీసుకుని చూపించాడు, గింజ చివర తెల్లగా సన్న పిలక. వాసన చూడండి అన్నాడు, పులిసిన గంజి వాసన. మిల్లుకి తీసుకెళ్తే రంగు మారింది, నూక ఎక్కువ అని ధర తగ్గిస్తారు. పొలం ఎవరిది అంటే "మా రైతుగారిదండి, హైదరాబాద్‌లో ఉంటారు". రైతు హైదరాబాద్‌లో ఉంటాడు, సేద్యం చేసేవాడు ఇక్కడుంటాడు, ఈ మాట అతనికి వింతగా అనిపించలేదు, నాకే అనిపించింది.

కౌలు రైతులకి చట్టాలు లేక కాదు. 2011లో ఒక చట్టం తెచ్చి కార్డులన్నారు, 2019లో ఇంకో చట్టం తెచ్చి పదకొండు నెలల కార్డన్నారు. ఆ రెండోదానికి భూమి ఓనరు సంతకం కావాలి. ఓనరుకి భయం, సంతకం పెడితే రేపు భూమి మీద హక్కు అంటాడేమో, బ్యాంకులో తన లోను రాదేమో అని. ఇతను అడగడానికే మొహమాటపడుతున్నాడు, అడిగితే వచ్చే ఏడు కౌలు ఇంకొకరికిస్తారేమో. కాబట్టి పంట నష్టం లిస్టులో పాస్‌బుక్కు ఉన్నాయన పేరే ఎక్కే అవకాశం ఎక్కువ. ఎకరానికి ఇన్ని బస్తాలని కౌలు మాత్రం పంట పండినా పండకపోయినా కొలవాలి. "మా రైతుగారు మంచోరండి, ఫోన్ చేస్తే ఈసారి సగం కొలువు చాలన్నారు" అన్నాడు. మంచితనం మీద నడిచే ఇన్సూరెన్స్ ఇది. కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేసి పొలం అమ్మేద్దాం నాన్నా అన్న రోజు ఆ పాలసీ రద్దు.

హంసలదీవి దాకా వెళ్ళి వేణుగోపాలస్వామిని చూసుకుని, పాలకాయతిప్ప నుంచి తిరిగొచ్చేటప్పుడు కాలువ గట్టు మీద యానాదుల గుడిసెలు కనపడ్డాయి. పీతల బుట్టలు అల్లుకుంటున్నారు. ఇల్లు ఎవరి స్థలంలో ఉందమ్మా అంటే "గట్టుదయ్యా". గట్టు బలపరిచే పనులు వచ్చినప్పుడల్లా ముందు తీసేది వీళ్ళ గుడిసెలనే, ఊరిని కాపాడే గట్టే వీళ్ళకి గండం. అక్కడ ఎక్కువసేపు ఉండలేకపోయా, ఆటో అతను హారన్ కొడుతున్నాడు, చీకటి పడితే దోమలు మామూలుగా ఉండవన్నాడు.

గురువారం, విజయవాడ

2024 సెప్టెంబర్‌లో నేను ఇక్కడ పని మీద ఉన్నా. ఆగస్టు 31 నుంచి ఒకటే వాన, సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. నది ఒడ్డునే ఉన్న కృష్ణలంక ఇదివరకు ఎప్పుడూ మునిగేది, ఈసారి రిటైనింగ్ వాల్ కాపాడింది. పెద్ద నదికి గోడ ఉంది, బుడమేరు అనే వాగుకి గండ్లు పడ్డాయి, సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరి పేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. బెజవాడలో స్థలం కొనలేనివాళ్ళు, పల్లెల నుంచి పనికొచ్చినవాళ్ళు, సర్కారు ఇళ్ళు వచ్చినవాళ్ళు అందరూ చేరింది ఆ పల్లంలోనే. రేటు తక్కువ ఎందుకుందో బుడమేరుకి తెలుసు.

అప్పుడు నాకిచ్చిన పని కార్లు. ఇంజిన్లోకి నీళ్ళు పోయిన కారుని స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, ఇంజిన్ ప్రొటెక్ట్ అని అదనపు కవరు కొన్నవాళ్ళకి డబ్బొచ్చింది, కొననివాళ్ళు నాతో పోట్లాడారు. ఆ కార్ల పక్కనే ఆటోలు నిలబడి ఉండేవి, పాత ఆటోలకి థర్డ్ పార్టీ ఒక్కటే, దానికి సొంత బండి నష్టం రాదు. తర్వాత ప్రభుత్వం ఆటోకి పదివేలు, బైకుకి మూడువేలు, మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి పాతిక వేలు, పైఅంతస్తులకి పదివేలు ఇచ్చింది. ఇందులో ఒకటి నాకు నచ్చింది, ఓనరా అద్దెవాడా అని కాదు, నువ్వు ఏ ఎత్తులో నిద్రపోయావు అని చూశారు. అమలు దగ్గరికొచ్చేసరికి సర్వే రోజు ఊళ్ళో లేనివాళ్ళు పేరు ఎక్కించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగారు, అదీ చూశా.

ఇప్పుడు సింగ్ నగర్ సందుల్లో నడుస్తుంటే నీటి మరక చాలా గోడల మీద లేదు, రంగులేసేశారు. టులెట్ బోర్డుల మీద మాత్రం కొత్త లైను కనపడుతోంది, ఫస్ట్ ఫ్లోర్ అని పెద్ద అక్షరాలతో. గ్రౌండ్ ఫ్లోర్ అద్దె పైదానికంటే తక్కువ, వరదకి ముందు ఇంత తేడా ఉండేది కాదని ఇస్త్రీ బండి ఆయన చెప్పాడు. ఆ తక్కువ అద్దె కోసం ఎవరు దిగుతారో మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఒక టైలరింగ్ చేసే ఆవిడ ఇల్లు అలాంటిదే. ఫ్రిజ్ కింద సిమెంటు ఇటుకలు మూడు వరసలు, మంచం కింద రెండు, కుట్టుమిషన్ ఏకంగా చెక్క బల్ల మీద, ఎక్కి కూర్చోడానికి స్టూలు. వరదలో పాత మిషన్ పోయింది, వచ్చిన పాతిక వేలల్లో మోటారు మిషన్ కొన్నది, మిగతావి ఓనర్లు తగ్గించని అద్దెకీ, పాప ఫీజుకీ సరిపోయాయి. నేనేం చేస్తానో చెప్పగానే మిషన్ ఆపి, "అన్నయ్యగారూ, అయితే మా మిషన్‌కి పాలసీ ఉంటుందా?" అంది.

ఉంటుందమ్మా, 2021 నుంచి భారత్ గృహ రక్ష అని అన్ని కంపెనీల దగ్గరా ఒకే రకం పాలసీ ఉంది, అద్దెకున్నవాళ్ళు ఇంట్లో సామానుకి మాత్రమే తీసుకోవచ్చు, ఖర్చు కూడా పెద్దగా కాదు అన్నా. ఆవిడ కళ్ళు వెలిగాయి. కానీ మిషన్ మీద సంపాదిస్తున్నావు కాబట్టి అది ఇంటి సామాను కిందకి రాదు, దానికి చిన్న వ్యాపారాల పాలసీ వేరే ఉంది అని కూడా చెప్పాల్సి వచ్చింది. ఆధార్ ఏ అడ్రసులో ఉంది? నూజివీడు దగ్గర పుట్టింటి ఊళ్ళో. రెంట్ అగ్రిమెంట్? "ఓనరుగారు అలాంటివి రాయరండి." ఏజెంట్ ఎవరైనా తెలుసా? ఎల్ఐసీ ఆయన తెలుసట. ఇంత చిన్న పాలసీకి వచ్చే కమిషన్‌తో బండి పెట్రోలు కూడా రాదు, ఏజెంటు సింగ్ నగర్ సందులోకి ఎందుకొస్తాడు, ఆ మాట మాత్రం ఆవిడతో అనలేదు. ఆన్‌లైన్లో ఎలా కట్టాలో వాళ్ళ పాప ఫోన్లో చూపించి, మిషన్ బిల్లు ఫొటో తీసి పెట్టుకోమని, అగ్రిమెంట్ లేకపోతే ఓనరు పేరు మీద ఉన్న కరెంటు బిల్లయినా అడగమని చెప్పా. "కరెంటు బిల్లు అడిగితే ఇల్లు రాయించుకుంటారా ఏంటి అంటారేమో" అని నవ్వి, సరే రాత్రికి మేడ మీదకి వెళ్ళి అడిగి చూస్తానంది. నా నంబరు ఇచ్చి బస్టాండుకి ఆటో ఎక్కా.